బట్లర్ పీటర్ కడుపుమంట

మిషన్ బంగళాలో వంట చేసే పీటర్‌ను జహీరాబాద్‌లో ఎవరూ ఉత్త పేరుతో పిలిచేవాళ్ళు కాదు. బట్లర్ పీటర్ అనాలి. కసాయి మహబూబ్ సాబ్ నుంచి రైలు స్టేషన్ ముందు చాయ్ అమ్మేవాడి దాకా అందరూ అట్లాగే అనేవాళ్ళు. ఎవరైనా మరిచిపోయి పీటర్ అంటే అతను వినపడనట్టు నడిచిపోయేవాడు.

పుట్టింది ఝరాసంగం పక్క పల్లెలో. తల్లిదండ్రులిద్దరూ జొన్నచేన్లలో కూలికి పోయేవాళ్ళు. తల్లి పోయాక తండ్రి అతన్ని తీసుకొచ్చి మిషన్ బోర్డింగులో వేశాడు. చదువు అంటలేదు గాని వంటిల్లు అంటింది. తర్వాత బీదర్‌లో ఒక ముసలి మద్రాసు బట్లర్ దగ్గర చేరి, తిట్లు తిని, వాతలు పెట్టించుకుని దొరల వంట నేర్చుకున్నాడు. సూపు, కట్లెట్టు, పుడింగు అన్నీ వచ్చినా అతని పేరు నిలబెట్టింది రోస్టు. పెద్దకూరలో, అంటే గొడ్డుమాంసంలో, మంచి చోటు నుంచి ఒక పెద్ద ముక్క తీసుకుని, దాన్ని చిన్నగా కోయకుండా అట్లాగే ఇనుప పొయ్యిలో కాల్చి, తెల్లకోటు వేసుకుని బల్ల దగ్గరికి మోసుకుపోయి, అందరూ చూస్తుండగా పలచటి పొరలుగా కోసి వడ్డించేవాడు. ఆ కోసేటప్పుడు దొరలు మాట్లాడటం ఆపేవాళ్ళని వాడకొచ్చి చెప్పుకునేవాడు.

అతని భార్య నారమ్మ కూడా వండేది. క్రైస్తవుల వాడలో పెళ్ళి అయినా, బాప్తిస్మం విందు అయినా పెద్దకూర వండే గంజుల దగ్గర కూర్చునేది ఆమే. ఆమె వండితే ఎముక కూడా మిగలదని అనేవాళ్ళు. పీటర్ ఆ మాటలకు నవ్వి ఊరుకునేవాడు.

"నువ్వు చేసేది కూర. నేను చేసేది డిన్నరు. రెండు ఒకటి గాదు," అనేవాడు భార్యతో.

"గాదు మరి," అనేది నారమ్మ. ఆమెకు దాంట్లో బాధేమీ ఉండేది కాదు. నిజంగానే రెండూ ఒకటి కాదని ఆమె నమ్మకం. భర్త తెల్లకోటును ఆమే ఉతికి గంజిపెట్టేది.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో బంగళాకు ఐస్ పెట్టె వచ్చింది. అప్పటికి బంగళాలో ఉండేది ఒక్క డాక్టర్ దొరసాని. పక్కనే ఉన్న మిషన్ దవాఖానను ఆమే నడిపేది. ఆ పెట్టె కరెంటుది కాదు, గ్యాసునూనెతో, అంటే కిరోసిన్‌తో, నడిచేది. కింద చిన్న దీపం వెలుగుతుంటే పైన అరలో నీళ్ళు గడ్డకట్టేవి. కింద మంట పెడితే పైన మంచు ఎట్లా అవుతుందో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. పీటర్‌కూ అంతుపట్టలేదు గాని అడిగినవాళ్ళకు తెలిసినట్టే చెప్పేవాడు. రోజూ పొద్దున ఆ పెట్టెను తుడిచి, దీపం వత్తి కత్తిరించి, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసుకునేవాడు. నారమ్మ ఒకసారి చూస్తానంటే, "గదేమన్న తమాషానా? చల్లగాలి బయటికి పోతది," అన్నాడు.

ఐస్ పెట్టె వచ్చాక కసాయి దుకాణానికి రోజూ పోయే పని తప్పింది. సంత నాడు మంచి ముక్క తెచ్చి మంచు అరలో పెడితే, వండే ముందు రోజు బయటకు తీసి కరగనిచ్చేవాడు. మర్నాడు మధ్యాహ్నానికి అది మెత్తబడేది. అప్పుడు పొయ్యి రాజేసేవాడు.

మరుసటేడు చలికాలంలో హైదరాబాద్ నుంచి ఒక పెద్ద పాదిరి, ఆయన భార్య వస్తున్నారని దొరసాని చెప్పింది. ఆదివారం వస్తారు, రోస్టు కావాలి. శనివారం తీసి పెడతానని పీటర్ అనుకున్నాడు. కాని శనివారం పొద్దున్నే బంగళా ముందు జీపు ఆగింది. వాళ్ళు ఒక రోజు ముందే వచ్చేశారు. రాత్రికి తిని, తెల్లారి గుడిలో ఆరాధన అయిపోగానే బొంబాయి సడక్ మీదుగా ముందుకు పోవాలట.

పీటర్ మంచు అర తెరిచి ముక్క తీశాడు. బల్ల మీద పెడితే టక్కున చప్పుడైంది. కత్తి మొన దిగలేదు. వేడినీళ్ళు పోసి చూడబోయి, పైన తెల్లగా ఉడికి లోపల రాయి రాయిగానే ఉంటుందని గుర్తొచ్చి ఆగాడు. మహబూబ్ సాబ్ దుకాణానికి పరుగెత్తితే తలుపుకు తాళం ఉంది. తమ్ముడి పెళ్ళికి ఇంటిల్లిపాదీ బీదర్ పోయారని పక్కవాళ్ళు చెప్పారు.

పీటర్ ఇంటికి మనిషిని పంపి నారమ్మను పిలిపించాడు.

"నేను చిరాగ్‌పల్లి పోయి కోళ్ళు తెస్త. నువ్వు ఈడ కూసొని నీళ్ళు కాగబెట్టు. వచ్చినంక ఈకలు పీకాలె. బల్ల మీదున్న ముక్కను మాత్రం ముట్టకు."

"ఎందుకు ముడ్త?" అంది నారమ్మ.

అతను సైకిలెక్కి పోయాడు. నారమ్మ మొదటిసారి ఆ వంటింట్లో ఒంటరిగా కూర్చుంది. నీళ్ళు కాగాయి, చల్లారాయి, మళ్ళీ కాగాయి. దొరసాని రెండుసార్లు వచ్చి వాకిట్లోకి చూసి పోయింది. మూడోసారి వచ్చి బల్ల మీది ముక్కను వేళ్ళతో తట్టింది.

"నారమ్మా, నీవు దీనిని ఏమైనా చేయగలవా?" అంది. ఆమె తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

నారమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఆ ముక్క వైపు చూసింది. ఆమెకు తునకలు గుర్తొచ్చాయి. ఎండాకాలంలో పెద్దకూరను పొడుగ్గా కోసి దండెం మీద ఆరేస్తే కట్టెలాగా ఎండిపోతాయి. వానాకాలంలో వాటిని వండేటప్పుడు ఎవరూ మెత్తబడేదాకా ఆగరు. గంజులో వేసి, మూత పెట్టి, సన్నమంట మీద పొద్దంతా వదిలేస్తారు. ఎండి గట్టిపడ్డది ఉడికినప్పుడు చలికి గట్టిపడ్డది ఉడకదా?

"జర జూస్త అమ్మా. ఖరాబైతె నన్ను తిట్టొద్దు," అంది.

ఇనుప పొయ్యి ఆమెకు తెలియదు. దాని జోలికి పోలేదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కళాయి వేసిన మందపు దేగిసా ఒకటి తీసుకుని, అడుగున కొంచెం నూనె, గ్లాసెడు నీళ్ళు పోసి, ఆ రాయిని అట్లాగే అందులో దించింది. ఉప్పు వేయలేదు. వేసినా మంచు మీంచి జారిపోతుందని చూస్తేనే తెలుస్తోంది. సన్నమంట పెట్టింది. చాలాసేపటికి పైన మెత్తబడ్డాక బయటకు తీసి, ఉప్పు, మిరియాలు, అల్లం, ఎల్లిగడ్డ నూరి రుద్దింది. కత్తి దిగినంత మేర గాట్లు పెట్టి లవంగాలు గుచ్చింది. మళ్ళీ దేగిసాలో పెట్టి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, కింద మంట తీసేసి బొగ్గులు ఉంచి, మూత మీద కూడా బొగ్గులు పోసింది. పొద్దంతా దాని పక్కనే కూర్చుంది.

పీటర్ సైకిలు దారిలో పంక్చరైంది. చిరాగ్‌పల్లిలో కోళ్ళు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. సైకిలు నడిపించుకుంటూ, హ్యాండిలుకు కోళ్ళు వేలాడేసుకుని బంగళా గేటు దగ్గరికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. గేటు దగ్గరే వాసన తగిలింది. మొదట ఎవరింట్లోనో అనుకున్నాడు. రెండడుగులు వేశాక తన వంటింటి నుంచేనని తెలిసింది.

పెరట్లో దొరసాని వంగి నిలబడి ఉంది. నారమ్మ పిండి కట్టు ఊడదీస్తోంది. ఆవిరి లేచింది. దొరసాని చెంచాతో కొంచెం రసం తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"పీటర్, ఇక కోళ్ళు అక్కరలేదు. వాటిని విడిచిపెట్టు," అంది అతన్ని చూసి.

అతను వాటి కాళ్ళ కట్లు విప్పాడు. అవి పెరడంతా పరుగెత్తాయి. వాటిని చూస్తున్నట్టు అతను అక్కడే నిలబడ్డాడు. కడుపులో ఏదో మెల్లగా అంటుకుంది. ఆకలి అనుకున్నాడు. పొద్దుటి నుంచి తినలేదు గదా.

తెల్లకోటు వేసుకుని రోస్టును బల్ల మీదికి అతనే తీసుకుపోయాడు. అతనే కోశాడు. కత్తి ఆనీ ఆనకముందే పొర విడిపోయింది. లోపల చివరి దాకా ఒకటే రంగు. తను చేసే రోస్టు ఎప్పుడూ ఇంత మెత్తగా కాలేదని కత్తి పట్టిన చేతికి తెలిసింది.

పాదిరి గారు తిని, "బాగుంది పీటర్, చాలా బాగుంది," అన్నారు. పీటర్ తల వంచాడు. కాదని అనలేదు. ఆ ఒక్క క్షణం కడుపులో మంట తగ్గింది.

"పీటర్ కాదు, అతని భార్య," అంది దొరసాని. "ఇది రాయివలె ఉండగానే వండినది." లేచి వంటింటి వైపు తిరిగి నారమ్మను పిలిచింది. నారమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పాదిరి గారి భార్య కుర్చీ జరిపి లేచింది. గుమ్మం దాకా నడిచొచ్చి నారమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది.

పీటర్ గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నాడు. అన్నేళ్ళుగా ఆ బల్ల చుట్టూ ఎంతోమందికి వడ్డించాడు. బాగుందని చాలామంది అన్నారు. కుర్చీలోంచి లేచినవాళ్ళు లేరు. అతని చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు.

మర్నాడు గుడిలో అందరికీ తెలిసిపోయింది. బయట చెట్టు కింద ఆడవాళ్ళు నారమ్మ చుట్టూ మూగారు.

"రాయిని వండినవంట గదనే!" అంది పక్కింటి గంగమ్మ.

"ఏం రాయి? మన తునకల లెక్కనే," అంది నారమ్మ నవ్వుతూ.

మగవాళ్ళ వైపు నుంచి నర్సప్ప పిలిచాడు. అతను ఝరాసంగం మనిషి, చిన్నప్పుడు పీటర్‌తో కలిసి బోర్డింగులో ఉన్నవాడు. "ఏం బట్లరూ, ఇంట్లనే ఉస్తాదును పెట్టుకున్నవంట!"

పీటర్ నవ్వాడు. "నేనే చెప్పిపోయిన ఎట్ల చెయ్యాల్నో," అన్నాడు. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే అతనికే ఆశ్చర్యమేసింది. నారమ్మ విన్నది. అతని వైపు ఒకసారి చూసి, మళ్ళీ గంగమ్మతో మాటల్లో పడింది. ఆమె కాదన్నా బాగుండేది. ఆ అబద్ధాన్ని ఆమె అట్లా వదిలేయడంతో అతనికి ఇంకా మండింది.

ఆ వారం నుంచి పీటర్ ఇంట్లో తినడం మానేశాడు.

మొదట ఆకలి లేదన్నాడు. తర్వాత ఉప్పు ఎక్కువైందన్నాడు. నారమ్మ నాలుక మీద వేసుకుని చూసింది. ఎక్కువ కాలేదు. ఒకరోజు పప్పు మాడిందన్నాడు. మాడలేదు. బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్, బన్ను తిని వచ్చి పడుకునేవాడు. రొట్టెలు చేసి పెట్టుకుని ఆమె ఎదురు చూసేది. అతను రాగానే పీట వేసేది. అతను పీటను దాటుకుని లోపలికి పోయేవాడు.

"నేనేం జేసిన?" అంది ఒకరోజు.

"ఏం జెయ్యలే."

"మరి నా చేతి తిండి ఎందుకు తింటలేవు?"

"నీ చేతి తిండికి దొరసానులే లేసి నిలబడ్తున్రు గదా. నేనెంత?"

నారమ్మకు అప్పుడు అర్థమైంది. "నన్ను నువ్వే పిలిపిస్తివి," అంది. "నేనేమన్న అడిగొచ్చిన్నా?"

దొరసాని మాత్రం వదల్లేదు. ఆదివారం రోస్టుకు నారమ్మను రమ్మనమని పీటర్‌తోనే కబురు పంపేది. నారమ్మకు జ్వరమని ఒకసారి చెప్పాడు. పుట్టింటికి పోయిందని ఒకసారి చెప్పాడు. మూడోసారి దొరసానే దవాఖాన నుంచి వస్తూ వాడలోకి వచ్చి, గడపలో కూర్చుని అల్లం పొట్టు గీకుతున్న నారమ్మను చూసింది. ఆ తర్వాత నారమ్మ అప్పుడప్పుడూ పోక తప్పలేదు. పోయి వండి, భర్త తెల్లకోటు వేసుకునేలోపు వెనక గేటు నుంచి వచ్చేసేది. ఎవరూ చెయ్యి పట్టుకునే అవసరం రాకుండా.

అరవై ఒకటిలో క్రిస్మస్ ముందు పెద్ద విందు వచ్చింది. బీదర్ నుంచి, హైదరాబాద్ నుంచి డాక్టర్లు, వాళ్ళ కుటుంబాలు. మంచు అరలో పట్టే అతి పెద్ద ముక్కను దొరసాని తెప్పించి పెట్టించింది. ఈసారి పీటర్ ముందు రోజే దాన్ని బయటకు తీయబోయాడు.

"వద్దు పీటర్. వారికి చూపించవలెను," అంది ఆమె.

అతిథులందరూ వచ్చాక, ఆ ముక్కను పళ్ళెంలో పెట్టి హాల్లోకి తెప్పించింది. ఒక్కొక్కరూ దాన్ని వేళ్ళతో తట్టి నవ్వారు. ఒకాయన గోడకు కొట్టి చూద్దామన్నాడు. నారమ్మను పిలిచి, "ఈమె దీనిని ఇలాగే వండును," అని చెప్పింది దొరసాని. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికే మధ్యాహ్నం అయింది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పీటర్ మనసులో లెక్క వేసుకున్నాడు. ముక్క పెద్దది. చలి ఎక్కువ. పొద్దు చాలదు. అతనికి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. నారమ్మకు తెలియదు. ఇంత పెద్ద ముక్క ఆమె ఎప్పుడూ వండలేదు.

అతను చెప్పలేదు.

ఆమె పెరట్లో దేగిసా ఎక్కించింది. పైన మెత్తబడగానే మసాలా రుద్ది, పిండి కట్టు వేసి, మూత మీద బొగ్గులు పోసింది. కాసేపటికి దొరసాని ఆమెను మళ్ళీ హాల్లోకి పిలిచింది. ఆడవాళ్ళు ఆమెను తునకల గురించి అడుగుతున్నారు, దొరసాని వాళ్ళకు ఇంగ్లీషులో చెప్తోంది. నారమ్మ పెరటి వైపు చూస్తూ నిలబడింది గాని మధ్యలో కదలలేకపోయింది. పీటర్ వంటింటి గుమ్మంలో నిలబడి పుడింగు గిలకొడుతున్నాడు. అతనికి దేగిసా కనిపిస్తోంది. మూత మీది బొగ్గులు ఎర్రగా ఉన్నవి నల్లబడ్డాయి. తర్వాత బూడిదయ్యాయి. నాలుగడుగులు నడిచి కొత్త బొగ్గులు పోస్తే అయిపోయేది. అతను పుడింగు గిలకొడుతూనే ఉన్నాడు. నేను ముట్టలేదు, చెడగొట్టలేదు, నా పని నేను చేసుకుంటున్నానని తనకు తాను చెప్పుకున్నాడు.

నారమ్మ తిరిగొచ్చి బూడిదను చూసి గాబరాగా మళ్ళీ నిప్పు పోసింది. అప్పటికి ఆలస్యమైంది. బల్ల దగ్గర అందరూ కూర్చున్నారు.

పీటర్ రోస్టును పట్టుకుపోయాడు. పైన నిగనిగలాడుతోంది. మొదటి పొర బాగానే వచ్చింది, రెండోది కూడా. మూడో పొరకు కత్తి ఆగింది. బలంగా నొక్కి విడదీస్తే లోపల పచ్చి ఎరుపు, నడిమధ్యలో తెల్లగా మెరుస్తున్న మంచు. సన్నగా నెత్తురు నీళ్ళు కారి పళ్ళెంలో చేరాయి. ఒక చిన్న పిల్ల వాళ్ళమ్మ వైపు జరిగింది. దొరసాని ముఖం ఎర్రబడింది.

పీటర్‌కు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు. పెదవులు అతని మాట వినలేదు. తలెత్తితే గుమ్మంలో నారమ్మ నిలబడి ఉంది. ఆమె పళ్ళెం వైపు చూడటం లేదు, అతని ముఖం వైపు చూస్తోంది.

ఆ తర్వాత అతను చేసిన పని ఊళ్ళో చాలా రోజులు చెప్పుకున్నారు. పళ్ళెం వెనక్కి తీసుకుపోయి, కూరను పొరలు పొరలుగా చీల్చి, పెద్ద పెనం మీద ఉల్లిగడ్డలు, మిరియాలు వేసి వేయించి, అతిథులు ఇంకో గిన్నె సూపు తాగేలోగా వేడివేడిగా బల్ల మీద పెట్టాడు. అందరూ మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

"నీవు లేనియెడల మా గతి ఏమగును పీటర్!" అంది దొరసాని. లేచి వచ్చి అతని భుజం తట్టింది.

ఇన్నాళ్ళుగా కోరుకున్నది దొరికింది. కోటు విప్పి, ఉత్సాహంగా పెరట్లోకి వచ్చేసరికి నారమ్మ లేదు. దేగిసా తోమి బోర్లించి పోయింది.

ఇంటికి పోతే ఆమె గడప మీద కూర్చుని ఉంది.

"బొగ్గులు ఆరిపోయినయని నీకు తెల్సు," అంది.

"నేను పుడింగు జేస్తున్న."

"గుమ్మంలకెల్లి కనిపిస్తది. నేను ఆడికి వచ్చి నిలబడి జూసిన."

అతను చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"పోనీ. బొగ్గులు మర్చిపోయినవ్ అనుకుంట. నవ్వినవ్ సూడు."

"నవ్వలే."

"నేను జూసిన," అంది నారమ్మ. గొంతు పెంచలేదు. "పరాయోళ్ళు నవ్వినా నాకు గింత బాధ ఉండకపోవు."

ఆమె మళ్ళీ బంగళా గేటు తొక్కలేదు. దొరసాని ఎన్నిసార్లు కబురు పెట్టినా, "నాకు రాదమ్మా, గా దినం ఏదో అట్ల అయింది," అని చెప్పించింది. ఇంట్లో మాత్రం గొడవ ఏమీ లేదు. వండేది, పెట్టేది. పీటర్ ఇప్పుడు ఇంట్లోనే తింటున్నాడు. ఆకలి వేస్తోంది కూడా. కాని ఆమె అతని కోసం ఆగడం మానేసింది. తను ముందే తినేసి, అతని కంచంలో అన్నీ పెట్టి మూత పెట్టి, గంగమ్మ ఇంటి ముందు కూర్చునేది. అతను ఒక్కడే తిని, కంచం తనే కడుక్కునేవాడు.

రాయిని వండే పని ఇక అతని మీద పడింది. దొరసాని వెసులుబాటు ఇచ్చింది. కొన్నిసార్లు మాడింది, కొన్నిసార్లు పచ్చిగా ఉంది. చివరికి పట్టు దొరికింది. ఇనుప పొయ్యిలో మంట సగానికి తగ్గించి, మామూలుగా పట్టే సమయానికి ఇంకో సగం కలుపుకుని, పైన మెత్తబడ్డాకే ఉప్పు రుద్ది, నడుమ సన్న ఇనుప పుల్ల గుచ్చి బయటకు తీసి పెదవికి ఆనించి చూసేవాడు. పుల్ల వేడిగా ఉంటే అయినట్టు. చల్లగా ఉంటే మళ్ళీ లోపల పెట్టేవాడు. ఆ తర్వాత ఎన్నడూ తప్పలేదు. పీటర్ రోస్టు కోసమే జహీరాబాద్‌లో దిగే పాదిరీలు తయారయ్యారు.

మెచ్చుకున్న ప్రతిసారీ ఇంటికొచ్చి చెప్పేవాడు.

"ఇయ్యాల మస్తుగైంది. కత్తి పెడితే చాలు, ఇడిపోయింది."

"మంచిది," అనేది నారమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"షోలాపూర్ కెల్లి వచ్చిన దొర రెండోసారి అడిగిండు."

"మంచిదే గదా."

అతను ఆమె ముఖంలోకి చూసేవాడు. ఒక్కసారి, కొంచెమైనా ఆమెకు కుళ్ళు పుడితే చూడాలని ఉండేది. కనుబొమ్మ ముడిపడినా చాలు. ఆమె నిజంగానే మంచిదే అనుకునేది. లేదా ఏమీ అనుకునేది కాదు. తను ఇంత కాలిపోయిన చోట ఆమె అంత చల్లగా ఎట్లా ఉండగలుగుతోందో అతనికి అర్థమయ్యేది కాదు. చివరికి ఆ చల్లదనాన్ని చూసి కూడా ఓర్వలేకపోయాడు.

అరవై అయిదులో దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. కోస్తా నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. ఆయన భార్య తనే వండుకునేది, పెద్దకూర ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఐస్ పెట్టెను మందులు పెట్టుకోవడానికి దవాఖానకు మోసుకుపోయారు. పీటర్‌ను బోర్డింగు వంటకు పొమ్మన్నారు. పిల్లలకు జొన్న సంకటి కలపడం తన పని కాదని అతను పోలేదు. కోటు మడిచి పెట్టెలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. కొన్నాళ్ళకు వాడలో పిల్లలు అతన్ని పీటర్ తాత అనడం మొదలుపెట్టారు.

ఇల్లు నడిచింది నారమ్మ గంజుల మీదే. వాడలోనే కాదు, చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారు. వండి వచ్చేటప్పుడు జొన్నలు, కందిపప్పు, అల్లం మోసుకొచ్చేది. పీటర్ ఆమె తెచ్చిన జొన్నల రొట్టె తింటూ ఒక్క మాటా అనేవాడు కాదు.

తర్వాతి ఎండాకాలం నర్సప్ప కొడుకు పెళ్ళి వచ్చింది. బండి కట్టుకుని ఝరాసంగం పోవాలి. ఎప్పుడూ సాయం వచ్చే గంగమ్మకు కాలు బెణికింది. నారమ్మ మూట కట్టుకుని గడప దగ్గర ఆగింది.

"నాతోని వస్తవా?" అంది.

"నేనొచ్చి ఏం జెయ్యాలె?"

"ఉల్లిగడ్డలు కొయ్యాలె. మస్తు మంది ఉంటరు. నాకొక్కదానికి గాదు."

బట్లర్ పీటర్, పెండ్లి గంజుల కాడ ఉల్లిగడ్డలు కోయడమా? అదీ ఆమె చేతి కింద? బండివాడు తొందర పెట్టాడు. నారమ్మ బండెక్కి కూర్చుంది. బండి కదిలింది. వాడ మలుపు తిరగబోతుండగా పీటర్ చెప్పులు చేత పట్టుకుని ఉరికొచ్చి వెనక ఎక్కాడు.

పెళ్ళిలో పందిరి పక్కన కూర్చుని గంపెడు ఉల్లిగడ్డలు కోశాడు. పొరలు సమంగా, పలచగా, బల్ల మీద కోసినంత శ్రద్ధగా కోస్తుంటే నారమ్మ రెండుసార్లు వచ్చి తొందరపెట్టింది. భోజనాలప్పుడు కూర గిన్నెలు తనే మోసి వడ్డించాడు. తిన్నవాళ్ళు వేళ్ళు నాకుతూ, "ఎవరు వండిన్రు?" అని అడుగుతున్నారు.

"జహీరాబాద్ నారమ్మ," అన్నారెవరో. "గాయన గిన్నె పట్టుకొని పోతుండు సూడు, ఆమె పెనిమిటి."

అతను విన్నాడు. అంతకు ముందు ఆమెను అందరూ బట్లర్ భార్య అనేవాళ్ళు. గిన్నె చేతిలో బరువుగా తోచింది. అయినా ఆగకుండా ఆ వరుస చివరి దాకా వడ్డించాడు.

తిరుగుబండిలో ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. కోత అయిన కందిచేన్లు దాటాక పీటర్ అన్నాడు.

"నాకు కడుపు మండింది నారమ్మా. ఆ పాదిరి గారి ఆమె నీ చెయ్యి పట్టుకున్న కాడికెల్లి. అందుకే ఆ దినం నిప్పు సూస్తలేను అన్నట్టు ఊకున్న. తెల్సే ఊకున్న."

"ఎరుకే," అంది నారమ్మ.

"ఇయ్యాల గూడ మండింది."

నారమ్మ అతని వైపు తిరిగి చూసింది. చాలా ఏళ్ళకు నవ్వింది. పెద్దగా కాదు, ముక్కులో నుంచి వచ్చిన నవ్వు. "మండనియ్. ఉల్లిగడ్డలు జర జల్ది కోస్తె సాలు. నువ్వు గట్ల సన్నగ కోస్కుంట కూసుంటె పెండ్లి పొద్దుగూకినంక అయితది."

ఆ రోజు ఇంటికొచ్చాక ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చున్నారో లేదో ఎవరికీ తెలియదు గాని, ఆ తర్వాత ఏ పెళ్ళికైనా ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు. ఆమె గంజుల దగ్గర ఉండేది, అతను కోయడం, వడ్డించడం చూసుకునేవాడు. అతను కోసిన ముక్కలు సమంగా ఉడుకుతాయని ఆమే పదిమందిలో చెప్పేది. ఆ మాట వినడానికి అతను దగ్గర్లోనే తచ్చాడేవాడు.

మంట మాత్రం పూర్తిగా పోలేదు. ఇంటి ముందు కూర్చుని ఉంటే పల్లెల నుంచి పెళ్ళివాళ్ళు వచ్చి, అతన్ని దాటి లోపలికి తొంగి చూస్తూ, "అమ్మ ఉన్నదా?" అని అడిగేవాళ్ళు. పీటర్ ముందు వాళ్ళ ముఖం చూసేవాడు, తర్వాత వీధి వైపు చూసేవాడు. ఉన్నదని చెప్పడానికి అతనికి ఎప్పుడూ కొంచెం ఆలస్యమయ్యేది.